హత్యల లెక్కలు చదవడం ఎలా: ఒక స్టేషన్ రైటర్ పద్ధతి

కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఇరవై రెండేళ్లు స్టేషన్ రైటర్‌గా చేశాను. లాఠీ పట్టిన రోజులకంటే పెన్ను పట్టిన రోజులే ఎక్కువ. ఎఫ్‌ఐఆర్లు, శవ పంచనామాలు, జనరల్ డైరీ, నెలాఖరుకు పైకి పంపే నేరాల పట్టిక, వీటిలోనే సర్వీసు గడిచిపోయింది. రిటైరయ్యాక పొద్దున్నే టీ అంగడి దగ్గర కూర్చుంటే రోజూ ఒకటే తగవు. ఒక పెద్దాయన పేపర్ మడిచి పక్కన పెట్టి "మా కాలంలో ఇన్ని మర్డర్లు యాడుండాయప్పా" అంటాడు. డిగ్రీ చదివే పిల్లోడు ఫోన్ చూపిస్తూ "లేదు మామా, పూర్వమే ఎక్కువ చంపుకునేవాళ్లంట, ఇప్పుడు బాగా తగ్గిందంట" అంటాడు. ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి. ఆ అంకె ఎవరు రాశారని మాత్రం ఇద్దరూ అడగరు.

రాసినవాణ్ని కాబట్టి నాకు ఆ పిచ్చి వదల్లేదు. మనుషులు మనుషుల్ని చంపుకున్న లెక్క ఏది కనబడినా, అది పదమూడు వేల ఏళ్ల నాటి ఎముకలదైనా నిన్నటి పేపర్లోదైనా, నేను దాన్ని ఎలా తిరగేసి చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే సరిపోతుంది.

చావు కాగితం ఎక్కే దారి

ముందు ఇది తెలియాలి. ఒక మనిషి చస్తే అది హత్యగా పట్టికలోకి రావడానికి చాలా గడపలు దాటాలి. ఎవరో ఒకరు స్టేషన్‌కు వచ్చి చెప్పాలి. మేం వెళ్లి పంచాయతీదార్ల ముందు శవ పంచనామా చేయాలి. డాక్టరు పోస్ట్‌మార్టం చేసి దెబ్బ వల్లే పోయాడని రాయాలి. అప్పుడు 302, అంటే హత్య సెక్షన్. (2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 103 అయింది గానీ నా నోటికి 302 తప్ప రాదు.) వీటిలో ఏ గడప దగ్గర ఆగినా ఆ చావు వేరే పట్టికలోకి పోతుంది, లేకపోతే ఎక్కడికీ పోదు.

ఒకటి చెప్తాను. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. అన్నదమ్ముల మధ్య బోరు నీళ్ల తగాదా. తమ్ముడు పొలం గెనెం పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఎడమ చెవి పైన మూడంగుళాల గాయం. నేను టేపు పెట్టి కొలుస్తూ పైకి చదువుతున్నాను, ఐదుగురు పెద్దమనుషులు తుమ్మచెట్టు నీడలో నిలబడి వింటున్నారు. అందులో ఒకాయన మెల్లగా వచ్చి "సార్, బండ మీద జారిపన్నాడు. అన్న జైలుకు పోతే రెండిండ్లూ మునుగుతాయి. పిల్లోళ్లుండారు. అట్లే రాసుకోండి" అన్నాడు. బండ చూశాను. దాని మీద రక్తం చుక్క లేదు. చుట్టుపక్కల వెతికితే గడ్డివాము వెనక పార దొరికింది. ఇనుము భాగం తళతళా కడిగి ఉంది, ఎండకు ఆరిపోయింది కూడా. కట్టె మాత్రం ఇంకా తడిగా ఉంది. పట్టుకుంటే చేతికి చల్లగా తగిలింది. ఇంకో గంట ఆలస్యమైతే ఆ కట్టె కూడా ఆరిపోయేది, ఆ ఏడాది మా స్టేషన్ లెక్కలో ఒక హత్య తగ్గేది.

అందుకే ఒక జిల్లాలో హత్యలు తక్కువ అని ఎవరైనా చెబితే నాకు ముందు ఆ తడి కట్టె గుర్తొస్తుంది.

ఇంకో రకం ఉంది. "కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి" అనే వాక్యం పేపర్లో మీరు కూడా చదివే ఉంటారు. ఆ వాక్యం తయారయ్యేది మా టేబుళ్ల మీదే. పాతికేళ్లు కూడా నిండని ఒకమ్మాయి విషయంలో నేనూ అదే రాశాను. రెండు మణికట్ల మీదా గాజులు విరిగి గుచ్చుకున్న గీతలున్నాయి. ఆ గీతలు పంచనామాలో రాశాను, పొడవు కూడా రాశాను. కారణం అన్న చోట మాత్రం కడుపునొప్పి. అత్తింటివాళ్లూ పుట్టింటివాళ్లూ ఒకటే మాట మీద నిలబడ్డారు. ఆ కేసు అక్కడే మూసుకుపోయింది.

చట్టం మారితే కాలమ్ మారుతుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు కట్నం వేధింపులతో జరిగే చావులకు 304బి అనే సెక్షన్ 1986లో వచ్చింది. అంతకుముందు కట్నం చావులు లేవా? ఉన్నాయి, కాలమ్ లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 పట్టికలో హత్య కేసులు 28,522. కట్నం చావుల కేసులు 6,450, ఇవి వేరే వరుస. "దేశంలో ఎన్ని హత్యలు" అని అడిగినవాడికి మొదటి అంకె మాత్రమే చెబితే రెండో వరుసలోని ఆడవాళ్లు కనబడకుండా పోతారు.

కేసు అంటే మనిషి కాదని కూడా గుర్తు పెట్టుకోండి. ఫ్యాక్షన్ ఊళ్లలో ఒకే రాత్రి ముగ్గురు నలుగురు పోయిన సందర్భాలున్నాయి. ఒకే ఎఫ్‌ఐఆర్ అయితే కేసుల కాలమ్‌లో అది 1. బాధితుల కాలమ్ వేరే ఉంటుంది, అది వెతుక్కోవాలి. ఇంకా ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగైదు సెక్షన్లుంటే పట్టికలోకి అన్నిటికంటే పెద్ద నేరం ఒక్కటే ఎక్కుతుంది. కిడ్నాప్ చేసి చంపితే అది హత్య కిందికే పోతుంది, కిడ్నాప్‌ల లెక్కలో కనబడదు.

భాగహారం

తర్వాత కాలిక్యులేటర్ తీయండి. ఉత్త అంకెతో పని లేదు, లక్ష మందికి ఏడాదికి ఎన్ని అన్నదే చూడాలి. 2022లో మన దేశానికి అది 2.1.

ఆఫ్రికాలో కలహారి ఎడారి అంచున కుంగ్ అనే జనం ఉన్నారు. వేట, దుంపలు, కాయల మీద బతికేవాళ్లు. చాలాకాలం వాళ్లని ఎవరికీ అపకారం చేయని మనుషులని రాశారు. రిచర్డ్ లీ అనే మానవ శాస్త్రవేత్త వాళ్ల మధ్య ఉండి, ఒక్కొక్కరినీ అడిగి, పాత చావుల జాబితా తయారు చేశాడు. యాభై ఏళ్లలో 22 హత్యలు తేలాయి. యాభై ఏళ్లలో ఇరవై రెండంటే మా పాత సర్కిల్లో ఎవడూ తల కూడా ఎత్తి చూడడు. కానీ ఆ జనాభా సుమారు 1,500. ఇప్పుడు 22ని 50తో, ఆ వచ్చినదాన్ని 1,500తో భాగించి లక్షతో గుణించండి. 29 దాటుతుంది. మన దేశం లెక్కకు పద్నాలుగు రెట్లు.

ఇది చూసి టీ అంగడి పిల్లోడు ఎగిరి గంతేశాడు, చూశారా పూర్వమే ఎక్కువ అని. ఆగమన్నాను. ఇదే లెక్క ఇంకోలా చెయ్. వంద మంది ఉన్న గూడెం, ముప్పై ఏళ్లకు ఒక హత్య. అంటే ఒక తరానికి ఒకటి. లక్షకు ఎంత? 33. ఆ గూడెంలో పుట్టి పెరిగినవాడికి హత్య అంటే తాత చెప్పిన ఒక కథ, అంతే. రెండోది జరిగితే లెక్క ఒక్కసారిగా 66కి పోతుంది. చిన్న జనాభాల మీద వచ్చే అంకెలు అలా ఎగురుతాయి, వాటి మీద పెద్ద మాటలు కట్టకూడదు. ఇంకో సంగతి, లీ లెక్కలో కొట్లాట చావులన్నీ ఉన్నాయి, ఎందుకంటే అక్కడ యుద్ధం వేరు, హత్య వేరు అనే కాలమ్‌లు లేవు. మన 2.1లో ఏ యుద్ధమూ లేదు.

భాగహారంలో కింద అంకె సంగతి కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో అనుమానాస్పద చావుల్ని విచారించే అధికారుల్ని కరోనర్లంటారు. 13, 14 శతాబ్దాల కరోనర్ల చుట్టలు, అంటే తోలు మీద రాసిన విచారణ రికార్డులు, చాలా మిగిలాయి. వాటిని బట్టి అప్పుడు అక్కడ హత్యల రేటు లక్షకు ఇరవై అటూ ఇటూ ఉండేదని, ఇప్పుడు ఒకటి దగ్గరకు వచ్చిందని చెబుతారు. పైన అంకె రికార్డులో ఉంది, నిజమే. కింద జనాభా? ఆ దేశంలో మొదటి జనాభా లెక్క 1801లో జరిగింది. అంతకు ఐదారు వందల ఏళ్ల ముందు జనం ఎంతమందో పన్నుల కాగితాల నుంచి కట్టిన అంచనా. తగ్గిందన్న మాట తప్పని నేననను, అంత పెద్ద తేడా అంచనా తప్పుల్లో కొట్టుకుపోయేది కాదు. కానీ ఎవరైనా 21.4 అని చుక్క పెట్టి మరీ చెబితే ఆ చుక్కను నమ్మకండి.

ఎందుకు రాశారు?

ఈ కరోనర్లంటే నాకు ప్రత్యేకమైన ఆసక్తి. 1194లో ఆ ఉద్యోగం పుట్టింది. అనుమానాస్పదంగా ఎవరు చచ్చినా వెళ్లి శవాన్ని చూడాలి, ఊరివాళ్లను పిలిచి విచారించాలి, రాయాలి. అచ్చం మా శవ పంచనామానే. చంపినవాడి ఆస్తికి వెల కట్టి రాసేవాళ్లు, రాజు తీసుకోవడానికి. ఇంకా తమాషా ఏమిటంటే, బండి కిందపడి చచ్చినా ఎద్దు పొడిచి చచ్చినా, ఆ బండికీ ఎద్దుకూ కూడా వెల కట్టేవాళ్లు. చంపిన వస్తువు రాజుదే! ఈ పద్ధతి 1846లో గానీ పోలేదు. దానికంటే ముందు ఇంకో రూలు ఉండేది. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక, చంపినవాడు దొరక్కుండా శవం దొరికితే, చచ్చినవాడు ఇంగ్లీషువాడని ఊరివాళ్లు రుజువు చేయాలి. చేయలేకపోతే నార్మన్ కిందే లెక్క, ఊరంతటికీ జరిమానా. 1340 దాకా నడిచింది.

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ కాలపు పల్లెటూరివాడు పొలంలో శవం కనబడితే ఏం చేసి ఉంటాడు? రాత్రికి రాత్రే పక్క ఊరి పొలిమేరలో పెట్టి రావాలని అనిపించదా? మా సర్వీసులో "ఇది మీ లిమిట్సా, మా లిమిట్సా" అని రెండు స్టేషన్లవాళ్లు శవం పక్కన నిలబడి వాదించుకున్న రోజులు నాకు తెలుసు. ఆ పల్లెటూరివాడి మీద నాకు కోపం రాదు.

మీ నోట్‌బుక్కులో ఒక కాలమ్ గీసి "రాస్తే ఎవరికి లాభం, రాస్తే ఎవరికి నష్టం" అని పెట్టండి. ఏ లెక్క చూసినా అది నింపండి.

రాళ్ల దగ్గరికి పోతే

మాకు దగ్గర్లోనే ఎర్రగుడి ఉంది, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. డ్యూటీలో ఉండగా అటు పదిసార్లు పోయి ఉంటాను, ఒక్కసారీ ఆగలేదు. రిటైరయ్యాకే చూశాను. పదమూడో శాసనంలో కళింగ యుద్ధం ఉంది. పట్టాభిషేకమైన ఎనిమిదో ఏడు, లక్షన్నర మందిని పట్టి తరలించారు, లక్ష మంది అక్కడ చచ్చారు, అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారు. చేసినవాడు తనే చెప్పి చెక్కించాడు. పోలీసు దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు గానీ, ఇది రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా చెల్లుతోంది.

రైటర్‌గా నాకు కనబడినవి రెండు. ఒకటి, లక్ష, లక్షన్నర, ఎన్నో రెట్లు. ఎవరైనా గుండ్రటి అంకె చెప్పారంటే లెక్కపెట్టలేదనే. గొడవ జరిగిన ఊరికి వెళ్లి ఎంతమంది వచ్చారని అడిగితే "వంద మంది సార్" అంటారు, ముద్దాయిల పేర్లు రాయడం మొదలుపెడితే పదిహేడు దగ్గర ఆగుతుంది. రెండోది నన్ను అక్కడే కూర్చోబెట్టింది. ఆ యుద్ధం జరిగిన కళింగలోనే, ఇప్పటి ఒడిశాలోని ధౌలిలోనూ జౌగడలోనూ కూడా అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో పదకొండు, పన్నెండు, పదమూడు లేవు. వాటి బదులు వేరే రెండు చెక్కించాడు, మనుషులందరూ నా బిడ్డలే అనేవి. పశ్చాత్తాపం కర్నూలు జిల్లాకు చెప్పాడు, చచ్చినవాళ్ల ఊరికి చెప్పలేదు! పైగా ఆ పదమూడో దానిలోనే అడవి జనానికి, నేను బాధపడుతున్నా శిక్షించే బలం నాకు ఇంకా ఉంది సుమా అని హెచ్చరిక కూడా ఉంది. లెక్క చదివేటప్పుడు అది ఎవరికి చూపించడానికి రాశారో కూడా చూడాలని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఊరి బయట వీరగల్లులు కనబడితే ఇదే పద్ధతి. కింది నుంచి పైకి చదవాలి. కింద కొట్లాట, మధ్యలో అప్సరసలు వీరుణ్ని తీసుకుపోవడం, పైన శివలింగం. పశువుల మందను కాపాడబోయి చచ్చినవాళ్లవి చాలా ఉంటాయి. కారంపూడిలో పల్నాటి వీరులకు ఇప్పటికీ కార్తీకంలో ఉత్సవం జరుగుతుంది. గుర్తుండిపోయిన చావులు ఇవి. రాయి వేయించడానికి ఎవరో ఖర్చు పెట్టుకోవాలి కదా, పెట్టుకునేవాళ్లు లేని చావులకు రాళ్లు లేవు.

ఎముకలైతే పోస్ట్‌మార్టం రిపోర్టులాగే చూడాలి

1991 సెప్టెంబర్‌లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ కొండల మంచులో ఒక శవం దొరికింది. ఐదు వేల ఏళ్లు దాటిన మనిషి. ఓట్జీ అని పేరు పెట్టారు. చలికి, అలసటకు పోయాడని మొదట్లో అనుకున్నారు. 2001లో ఎక్స్‌రే మళ్లీ సరిగా చూస్తే ఎడమ భుజంలో చెకుముకి రాతి బాణం ములికి ఉంది. వెనక నుంచి కొట్టారు. కుడిచేతికి లోతైన కోత, అది చావుకు కొన్ని రోజుల ముందుది. అంటే ముందొక తగాదా, తర్వాత కొండ మీద బాణం. ప్రపంచంలో పెద్ద పెద్ద డాక్టర్లంతా పదేళ్లు చూసినా ఆ 302 కేసు, అనుమానాస్పద మృతులకు వాడే 174 కిందే ఉండిపోయింది. ఇది తెలిశాక మా ఏరియా ఆస్పత్రి డాక్టర్ల మీద నాకున్న కోపం కొంచెం తగ్గింది.

సూడాన్‌లో నైలు ఒడ్డున జెబెల్ సహాబా అనే చోట 1960లలో ఒక పాత శ్మశానం తవ్వారు, ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని. కనీసం 13,400 ఏళ్ల నాటిది. ఎముకల్లో, పక్కన రాతి ములుకులు దొరికాయి. మనిషి చేసిన మొట్టమొదటి యుద్ధం ఇదే అని చాలాకాలం చెప్పారు. 2021లో మళ్లీ పరీక్ష చేసిన ఫలితాలు వచ్చాయి. 61 మందిలో 41 మంది ఎముకల మీద గాయాలున్నాయి. అయితే 16 మందికి మానిన గాయాలూ మానని గాయాలూ రెండూ ఉన్నాయి. ఎముక విరిగి బతికితే విరిగిన అంచు నున్నబడి కొత్త ఎముక పోసుకుంటుంది, చస్తే అంచు పదునుగానే ఉంటుంది. పాత దెబ్బ మానాక మళ్లీ కొత్త దెబ్బ తిన్నారంటే ఒక్కరోజు యుద్ధం కాదు. ఏళ్ల తరబడి దాడులు, ఎదురుదాడులు. మా వైపు దానికి పేరుంది, నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

ఎముకలు చెప్పనివి కూడా రాసుకోండి. కడుపులో దిగిన కత్తి ఎముకకు తగలకపోతే ఏ గుర్తూ మిగలదు. గొంతు నులిమితే కనబడొచ్చు, కనబడకపోవచ్చు. శవాన్ని కాల్చే జనం సంగతి అసలే తెలియదు. మనవాళ్ల గాయాలన్నీ బూడిదై ఏ నదిలోనో కలిశాయి.

ఆస్పత్రి సంగతి మరవొద్దు

పాత రేటు, కొత్త రేటు పక్కపక్కన పెట్టేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. 307కీ (హత్యాయత్నం) 302కీ మధ్య తేడా చాలాసార్లు కొట్టినవాడి మనసులో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది. 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అంతకుముందు పొడిచినవాణ్ని ఎద్దులబండిలోనో, దొరికితే జీపులోనో వేసుకొచ్చేవాళ్లు, సగం దారిలో పోయేవాడు. తర్వాత అదే కత్తి, అదే కోపం, అదే గాయం, మనిషి బతికి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. కాబట్టి హత్యల వరుస చూసినప్పుడు హత్యాయత్నాల వరుస కూడా చూడండి. మొదటిది తగ్గి రెండోది పెరిగితే మెచ్చుకోవాల్సింది సర్జన్‌ని. మందులు లేని కాలంలో చీము పట్టి నెలకు పోయినవాళ్లంతా హత్యల్లోకే పోయారు.

ఒకే నిచ్చెన

హత్య, యుద్ధం ఒకే చోట పెట్టి చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, ఇంగ్లండ్‌వాడు, వాతావరణ శాస్త్రవేత్త. యుద్ధం చేయకూడదన్న క్వేకర్ మతం వాడు, అందుకని మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా అంబులెన్స్ తోలాడు. తర్వాత 1953లో చనిపోయేదాకా, 1820 నుంచి జరిగిన ప్రాణాంతక తగాదాలన్నీ పోగుచేసి మెట్లుగా పేర్చాడు. ఒక్కరు చస్తే సున్నా మెట్టు. వెయ్యి మంది చస్తే మూడు, పది లక్షలకు ఆరు, కోటికి ఏడు. ఎక్కువ ప్రాణాలు పోయింది నిచ్చెన రెండు చివర్లలోనే అని తేలింది. ఒంటి హత్యలు ఒకవైపు, రెండు ప్రపంచ యుద్ధాలు మరోవైపు. మధ్య మెట్ల మీద జరిగినవన్నీ కలిపినా అంత కాలేదు. (పనిలో పనిగా ఆయన సరిహద్దుల పొడవులు కూడా చూశాడు. స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్న ఒకే గీతను ఒక దేశం 987 కిలోమీటర్లంటే ఇంకోటి 1,214 అంది. సర్వేయర్లతో తిరిగినవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు.)

టీ అంగడి తగవు సగం ఇక్కడే తెగుతుంది. పెద్దాయన కింది మెట్టు గురించి మాట్లాడుతుంటే పిల్లోడి అంకెలో పై మెట్లూ కలిసి ఉంటాయి. పై మెట్టు చావులు వందేళ్లకు ఒకటో రెండో సార్లు వస్తాయి కాబట్టి, డెబ్బై ఎనభై ఏళ్లు అది రాలేదని మనిషి మారిపోయాడనడం తొందరే.

ఎందుకు చంపుతారన్నదాని మీద నా దగ్గర పెద్ద సిద్ధాంతం లేదు. టాంజానియా గోంబే అడవిలో 1974 నుంచి 1978 దాకా ఒక చింపాంజీల గుంపు ఇంకో గుంపు మగవాటిని ఒక్కొక్కటిగా చంపేసింది, చూశారా రక్తంలోనే ఉందని కొందరన్నారు. 1986లో సెవిల్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు యుద్ధం మన పుట్టుకలో రాసి లేదని ప్రకటన చేశారు. నా పట్టికలో ఉన్నది కారణం అనే ఒక కాలమ్ మాత్రమే. 2022 దేశం లెక్కలో అందులో మొదటిది తగాదాలు, 9,962 కేసులు. పగ 3,761. లాభం కోసం చంపినవి 1,884. గట్టు, బోరు, తాగిన మాట. ఆ కాలమ్ నింపేది బతికున్నవాళ్లు చెప్పింది విని, ఇదొక్కటి గుర్తుంచుకుని చదవండి.

నోట్‌బుక్కు సంగతితో ఆపుతాను. ప్రతి లెక్కకూ ఒక పేజీ. ఎవరు రాశారు, ఎవరికి చూపించడానికి, పైన అంకె, కింద అంకె, ఏ మెట్టు, ఆస్పత్రి ఉందా. చివర్లో మాత్రం ఒక పేజీ ఖాళీగా వదలండి, ఏ పట్టికలోకీ పోకుండా మీకు తెలిసిన చావుల కోసం. పేర్లు రాయొద్దు, చూసింది రాయండి. నా పుస్తకంలో ఆ పేజీ మొదటి వరుసలో రెండు మణికట్లు, గాజుల గీతలు, వాటి పొడవు ఉన్నాయి. కారణం అన్న చోట కడుపునొప్పి అని మళ్లీ రాయలేదు.